గృహవిజ్ఞానము: పప్పు కండ యగుట యెట్లు?



గత సంచికలో పప్పుదినుసులను గూర్చి మేము వ్రాసిన దానిని చదివి యిద్దఱు సోదరీమణులు రెండు ప్రశ్నలు పంపియున్నారు. "కందిపప్పులోని మాంసకృత్తు బిడ్డ యొడలిలో కండగా నెట్లు మాఱును? పప్పులో నున్నది యున్నట్లే పోయి కండకు అతుకుకొనునా?" అని మొదటివారు అడిగినారు. రెండవవారిది కొంత ఫిర్యాదు వంటిది. వారి చిన్నవానికి జలుబు చేసి జ్వరము తగిలెనట. నిరుడు మిగిలిన ఆంటిబయాటిక్ బిళ్ళలు ఇంటిలో నున్నవి, వేయవచ్చునా యని వైద్యురాలి నడుగగా ఆమె వలదని ఖండితముగా చెప్పెనట. "నిరుడు గుణమిచ్చిన మందు ఈయేడు ఏల పనికిరాదు?" అని వారి ప్రశ్న.

పైకి చూచినచో ఈ రెంటికిని పొత్తు లేనట్లే తోచును. కాని రెండు ప్రశ్నలకును సమాధానము ఒక్క తావుననే యున్నది. మన శరీరమందలి ప్రతి జీవకణములోను కంటికి కనబడని చిన్న యంత్రములు కొన్ని లక్షలు రేయింబవళ్ళు పనిచేయుచున్నవి. వానిని రైబోసోము లందురు. పప్పును కండగా చేయునవి యవియే. చాల ఆంటిబయాటిక్ మందులు గుఱిపెట్టునదియు వానివంటి యంత్రములమీదనే. కాబట్టి ఈ మాసము ఈ పుటను వానికే వినియోగించుచున్నాము. విషయము కొంచెము పొడుగైనది. వంటపని తీఱిన పిదప తీరికగా చదువుకొనవలసినది.

మొదట మాంసకృత్తు అను మాటను గూర్చి ఒక్క మాట. ఆ పేరు విని, ఇది మాంసము తినువారికి మాత్రమే సంబంధించినదని కొందఱు తలంచుట కలదు. అది సరికాదు. మన వెండ్రుకలు, గోళ్ళు, కండరములు, నెత్తురునకు ఎఱ్ఱదనము నిచ్చు హీమోగ్లోబిను, అన్నమును జీర్ణముచేయు రసములలోని ఎంజైములు, చక్కెరను అదుపులో నుంచు ఇన్సులిను, పాలలోని కేసీను — ఇవన్నియు మాంసకృత్తులే. శాకాహారులకును అంతే, మాంసాహారులకును అంతే.

ప్రతి మాంసకృత్తును ఒక పూసలదండ వంటిది. పూసలకు అమైనో ఆమ్లములని పేరు. వానిలో ఇరువది రకములు గలవు. ఏ పూస తరువాత ఏ పూస వచ్చును, మొత్తము ఎన్ని పూసలు అనుదానిని బట్టి ఇది వెండ్రుక యగునా, ఇన్సులిను అగునా యనునది తేలును. ఇన్సులినులో 51 పూసలు. కండరములలోని టిటిను అను దానిలో 30,000 దాటిన పూసలు. పూసలు మాత్రము ఆ యిరువది రకములే. మన యేబదియాఱు అక్షరములతోనే పెండ్లిపిలుపును వ్రాయుదుము, చాకలిపద్దును వ్రాయుదుము గదా, అట్లే యిదియు.

మనము తినిన పప్పులోని దండలు కంది మొక్క తన గింజకొఱకు గ్రుచ్చుకొన్నవి. అవి మనకు ఉన్నవి యున్నట్లుగా పనికిరావు. కడుపులోను చిన్న ప్రేవులలోను ఆ దండలను తెంపి పూస పూసగా విడదీయుట జరుగును. విడి పూసలు నెత్తురులో కలసి ఒడలంతట తిరుగును. ప్రతి కణమును తనకు వలసిన పూసలను తీసికొని తన దండలను తానే గ్రుచ్చుకొనును. కావున మొదటి సోదరికి మా యుత్తరము: పప్పు పప్పుగా కండ కాదు. పప్పు తెగి పూసలైన పిదపనే, ఆ పూసలు కండ యగును.

ఇరువదింటిలో తొమ్మిది రకములను మన శరీరము తానుగా తయారుచేసికొనలేదు. అవి తిండిలోనుండియే రావలెను. బియ్యములో లైసిను అను పూస కొఱత. పప్పులలో అది సమృద్ధి. పప్పులలో మెథియోనిను కొఱత. బియ్యములో అది మెఱుగు. పప్పన్నము, పులగము, మినపపప్పు బియ్యము కలిపి రుబ్బిన ఇడ్లీ — వీనిని మొదట కలిపిన అవ్వలకు అమైనో ఆమ్లముల పేర్లు తెలియవు. ఐనను లెక్క సరిపోయినది. కావలసిన పూసలలో ఒక్క రకము చాలకున్నను దండ గ్రుచ్చుట నడుమనే మందగించును. మిగిలిన పూసలు ఎన్ని యున్నను వానిని శరీరము కొవ్వువలె దాచియుంచుకొనలేదు. వానిని కాల్చి శక్తికై వాడుకొనివేయును.

పెరుగుచున్న బిడ్డలకు మాత్రమే మాంసకృత్తు కావలెనని యనుకొనుటయు కలదు. ఎదిగినవారి శరీరములో గూడ ప్రతిదినము 200 గ్రాములకు పైగా మాంసకృత్తులు తెగి మరల గ్రుచ్చబడుచున్నవి. తెగిన పూసలలో చాలవఱకు మరల వాడుకకు వచ్చును. కొంత నష్టమగును. ఆ నష్టమును తిండితో పూరింపవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కను బట్టి, ఒడలి బరువు కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాము వలయును. 55 కిలోల స్త్రీకి 46 గ్రాములన్నమాట. గర్భిణికి చివరి మూడు మాసములలో ఇంకను 22 గ్రాములు అదనముగా కావలెను. వండని కందిపప్పు 100 గ్రాములలో సుమారు 22 గ్రాములును, ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాములును ఉండును. అందఱును భుజించిన పిదప గిన్నె యడుగున మిగిలిన చారునీళ్ళతో సరిపెట్టుకొను ఇల్లాండ్రు మన యిండ్లలో ఇంకను గలరు. తన బిడ్డ దండయు తన దండయు ఒకే మూటలోని పూసలతో గ్రుచ్చవలసియున్న తల్లి అట్లు తినుట ఓర్పు గాదు, అన్యాయము. ఇంటి పెద్దలు ఈ సంగతిని గమనింపవలెను.

ఇక కణములోనికి పోవుదము. కణము నడుమ కేంద్రక మను గది యున్నది. అందులో వంశపారంపర్యముగా తల్లిదండ్రులనుండి వచ్చిన గ్రంథ మొకటి భద్రముగా నుండును. దానిపేరు డి.ఎన్.ఏ. ఆ గ్రంథమును వ్రాసిన లిపిలో నాలుగే అక్షరములు. ఆ నాలుగు అక్షరములతోనే సుమారు 300 కోట్ల అక్షరముల పొడుగున గ్రంథము సాగియున్నది. ఏయే మాంసకృత్తులో పూసలు ఏ వరుసలో నుండవలెనో అందున్నది. మనుష్యునిలో అట్టి వ్రాతలు సుమారు 20,000 గలవు. కంటి కణములోను, కాలిగోటి కణములోను ఒకటే గ్రంథము. ఐనను కన్ను గోరు కాకుండుటకు కారణమేమనగా, ప్రతి కణమును తనకు వలసిన పుటలను మాత్రమే తెఱచి చదువుకొనును.

తాతలనాటి తాళపత్రగ్రంథమును ఎవరును పొయ్యి దగ్గఱకు గొనిపోరు. కావలసిన తావును కాగితముమీద వ్రాసికొని పోవుదురు. కణమును ఆ జాగ్రత్తయే పాటించును. గ్రంథము కేంద్రకమును దాటి రాదు. అవసరమైన పుటకు ఒక ప్రతి వ్రాయబడును. ఆ ప్రతికి దూత ఆర్.ఎన్.ఏ. యని పేరు. మేము దీనిని చీటి యనుచున్నాము. చీటి కేంద్రకపు గోడలోని రంధ్రములగుండ వెలుపలికి వచ్చి రైబోసోమును చేరును. చీటి చిరకాలము నిలువదు. కొన్ని నిమిషములో, కొన్ని గంటలో, మిక్కిలియైనచో కొన్ని దినములో యుండి చెడిపోవును. అది మంచిదే. చీటి శాశ్వతముగా నుండినచో వలసినను వలయకున్నను ఆ మాంసకృత్తే పుట్టుచుండును.

నాలుగు అక్షరములు, ఇరువది పూసలు. ఇది పొసగుట యెట్లు? ఒక్కొక్క అక్షరమునకు ఒక పూస యన్నచో నాలుగు పూసలకే చాలును. రెండేసి అక్షరములు కలిపినచో పదునాఱు మాటలగును, అదియు చాలదు. మూడేసి కలిపినచో 64 మాటలు. ఇవి చాలి మిగులును. కణము వాడునది ఈ మూడక్షరముల మాటలనే. ఏ మాటకు ఏ పూస యను నిఘంటువును మొదట తెఱచినవారు అమెరికాలోని మార్షల్ నీరెన్‌బర్గు, హైన్రిచ్ మత్తయి యనువారు. 1961లో వారు ఒకే యక్షరము పలుమాఱులు గల చీటిని కృత్రిమముగా చేసి, కణరసములో వేసి చూచిరి. ఫినైల్ అలనిను అను ఒకే రకము పూసలతో దండ పుట్టెను. మొదటి మాట దొరికినది. తక్కిన మాటలను తెలియుటలో ముఖ్యులు, అవిభక్త పంజాబులోని రాయపురమను పల్లెలో 1922లో పుట్టిన మన హరగోవింద ఖొరానా. వరుస తెలిసిన చీటులను రసాయనశాలలో తయారుచేసి ఆయన యా పని సాధించెను. 1968లో నీరెన్‌బర్గు, ఖొరానా, రాబర్ట్ హాలీ గారలకు నోబెలు బహుమానము కలసి వచ్చినది. 64 మాటలలో 61 పూసల పేర్లు. మిగిలిన మూడును "ఇక నాపుము" అని చెప్పునవి.

చీటిలో వ్రాత యున్నది, కణరసములో పూసలు తేలుచున్నవి. వ్రాతకు తగిన పూసను తెచ్చువారెవరు? దానికి వేఱుగా మోయువారు గలరు. బదిలీ ఆర్.ఎన్.ఏ. లని వానికి పేరు. ఒక్కొక్క దానికి ఒక కొన పూస పట్టియుండును, రెండవ కొన మూడక్షరములుండును. ఆ యక్షరములు చీటిలోని మాటతో జతపడినచో పూస సరియైనదని గుఱుతు. ఇట్టి మోయువారు ఉండితీఱవలెనని ఫ్రాన్సిస్ క్రిక్కు 1955లోనే, ఎవరును చూడకమునుపే, ఊహించి చెప్పెను. కొలది యేండ్లలో అవి నిజముగానే దొరకినవి. పూసను తగిన మోయువానికి ఎక్కించుటకు ఇరువది రకముల ఎంజైములు ప్రత్యేకముగా గలవు. పొరపాటున వేఱు పూస నెక్కించినచో వానిలో కొన్ని దానిని దింపివేసి మరల సరిచూచును. మేము ఈ సంగతిని చదివినప్పుడు మిక్కిలి యాశ్చర్యపడితిమి.

ఇప్పుడు రైబోసోము. దీనిలో రెండు ఖండములు గలవు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. పని లేనప్పుడు ఇవి విడివిడిగా నుండును. చీటి వచ్చినప్పుడు చిన్న ఖండము దానిని పట్టుకొని మొదలును వెదకును. తరువాత పెద్ద ఖండము వచ్చి పైన కూర్చుండును. చీటి రెంటి నడుమను నడచును. చిన్న ఖండము పని చదువుట, పెద్ద ఖండము పని పూసను పూసకు ముడివేయుట. రెంటి నడుమ మోయువారు నిలుచుటకు మూడు పీటలు గలవు. క్రొత్తగా వచ్చినవాడు మొదటి పీటపై నిలుచును. నడిమి పీటపై నున్నవాని చేతిలో అప్పటివఱకు గ్రుచ్చిన దండ యున్నది. ఆ దండ యంతయు క్రొత్తవాని పూసకు ముడిపడును. తోడనే చీటి మూడక్షరములు ముందునకు జరుగును. అందఱును ఒక్కొక్క పీట జరుగుదురు. ఉత్తచేతులవాడు మూడవ పీటనుండి వెలుపలికి పోయి మరల పూసను తెచ్చుకొనును. ఇట్లు మనుష్య కణములో సెకనునకు అయిదాఱు పూసలు ముడిపడును. హీమోగ్లోబినులోని బీటా దండకు 146 పూసలు. అది అరనిమిషముల పని. ఒకే చీటిమీద ఒకదాని వెనుక నొకటిగా అనేక రైబోసోములు నడచుటయు కలదు. ఎల్లప్పుడును దండలు గ్రుచ్చుచుండు పెద్ద కణములో ఇట్టి యంత్రములు కోటివఱకు నుండును.

నెత్తురు కణముల సంగతి మఱియు వింత. ఎఱ్ఱకణము ఎముకలలోని మూలుగునందు పుట్టి, హీమోగ్లోబినును నిండుగా గ్రుచ్చుకొని, తుదకు తన కేంద్రకమునే వెలుపలికి నెట్టివేయును. కొలదికాలమునకు రైబోసోములును పోవును. ఇక 120 దినములపాటు, ముందు గ్రుచ్చినదానితోనే, ప్రాణవాయువును మోయుచు తిరుగును. అట్టి కణము ఒక్కింటిలో హీమోగ్లోబిను అణువులు సుమారు 27 కోట్లు. అట్టి కణములు మన మూలుగులో సెకనునకు 20 లక్షలకు పైగా పుట్టుచున్నవి.

రైబోసోములను సూక్ష్మదర్శినిలో చుక్కలుగా కనిపెట్టినవాడు జార్జి పలాడే, 1955 ప్రాంతమున. కాని చుక్కగా కనబడుట వేఱు, లోపలి యమరిక తెలియుట వేఱు. దానిని తెలిసికొనవలెనన్నచో రైబోసోములను పటికబెల్లపు పలుకులవలె స్ఫటికములుగా పేర్చి, వానిమీదికి ఎక్సురే కిరణములను పంపవలెను. రైబోసోము లక్షలకొలది పరమాణువుల ముద్ద, మెత్తనిది, త్వరగా చెడునది. అది స్ఫటికము కానే కాదని పండితులలో ననేకులు నిశ్చయించుకొనియుండిరి. ఆ పనికి పూనుకొన్నది ఒక స్త్రీ.

ఆమె పేరు ఆడా యోనాత్. 1939లో జెరూసలేములో బీదకుటుంబమున పుట్టెను. నాలుగు గదుల వాసములో ఇంకను రెండు కుటుంబములతో కలసి వారి కాపురము. పదునొకండేండ్ల వయస్సున తండ్రి మరణించెను. చిన్ననాటినుండియే తల్లికి తోడుగా సంపాదనకు పనిచేయుచు చదువుకొనెను. 1970 దశకము చివర, ఒక కుమార్తెకు తల్లియైయుండి, రైబోసోముల స్ఫటికముల పని మొదలిడెను. ఆమెకు ఈ తలంపు కలిగిన విధమును ఆమెయే చెప్పియున్నది. సైకిలుమీదనుండి పడి తలకు దెబ్బ తగిలి విశ్రాంతి తీసికొనుచున్న దినములలో ఎలుగుబంట్ల శీతకాలపు నిద్రను గూర్చి చదివెను. ఆ నిద్రకు ముందు వాని కణములలో రైబోసోములు వరుసగా బారులు తీఱి పొరల కంటుకొనునని యందున్నది. ప్రకృతియే వానిని బారులు తీర్చగలిగినచో గాజుపాత్రలో మనమేల తీర్చలేము, అని ఆమె యాలోచన. మెత్తనివానిని విడిచి, వేడినీటి యూటలలోను, మిక్కిలి యుప్పనైన మృతసముద్రములోను బ్రతుకు గట్టి సూక్ష్మజీవుల రైబోసోములను ఎన్నుకొనెను. 1980లో మొదటి స్ఫటికములు వచ్చినవి. ఎక్సురే కిరణము తగులగనే అవి చెడిపోవుచుండెను. స్ఫటికములను ద్రవ నత్రజని చల్లదనములో ముంచియుంచు ఉపాయమును ఆమె సాధించెను. కొందఱు స్వప్నజీవి యనిరి, కొందఱు పల్లెటూరి పిచ్చిది యనియు ననిరట. ఇరువది సంవత్సరములు గడచినవి. 2000లో రైబోసోముల లోపలి యమరిక ఆమె చేతను, థామస్ స్టైట్జు చేతను, తమిళదేశమందలి చిదంబరములో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ చేతను వేఱువేఱుగా వెల్లడియైనది. 2009లో ముగ్గురకును నోబెలు బహుమానము వచ్చెను. రసాయనశాస్త్రమున నాబహుమానము స్త్రీకి దక్కుట 1964లో డోరతీ హాడ్జికిన్ తరువాత అదియే మొదలు.

ఆ చిత్రములలో తెలిసిన ముఖ్యవిషయ మొకటి. పూసకు పూసను ముడివేయు తావున మాంసకృత్తు లేదు, ఆర్.ఎన్.ఏ. మాత్రమే యున్నది. మాంసకృత్తులను గ్రుచ్చుటకు మాంసకృత్తు అక్కఱలేదన్నమాట. మొదటి మాంసకృత్తును ఎవరు గ్రుచ్చిరి అను పాతచిక్కునకు ఇది కొంత త్రోవ చూపినది.

దండ గ్రుచ్చినంతమాత్రమున పని ముగియదు. అది తగినరీతిని మడతలు పడవలెను. అప్పుడే యది పనిచేయును. మడతలు పడుటకు తోడ్పడు మాంసకృత్తులును గలవు. తప్పుగా మడిచిన వానిని కణము ముక్కలుచేసి పూసలను మరల వాడుకొనును. ఇంతేగాక, కొన్ని దండలు కణములోనే యుండవలసినవి, కొన్ని వెలుపలికి పోవలసినవి. వెలుపలికి పోవలసిన దండ మొదటి కొన్ని పూసలే చిరునామా. ఆ చిరునామా కనబడగనే రైబోసోము తన చీటితో సహా అంతర్జీవద్రవ్యజాలమను పొరల వరుసకు పోయి అంటుకొనును. దండ గ్రుచ్చుచుండగనే ఆ పొరల లోపలికి దిగును. చిరునామా సంగతిని కనిపెట్టిన గుంటర్ బ్లోబెల్ గారికి 1999లో నోబెలు బహుమానము వచ్చినది. అక్కడినుండి దండలు చిన్న తిత్తులలో గాల్జీ సంక్లిష్టమను వేఱొక పొరల దొంతరకు పోవును. ఇటలీదేశస్థుడగు కామిల్లో గాల్జీ 1898లో దీనిని కనిపెట్టెను. అచ్చట దండలకు చక్కెరలను తగిలించుట మొదలగు చివరి మెఱుగులు జరిగి, మూటలు కట్టబడి, కణపు గోడకడకు పోయి వెలుపల పడును.

తల్లిపాలలోని కేసీను ఇట్లే తయారగును. పాలిచ్చు తల్లి రొమ్ములోని కణములు ఈ పొరలతో నిండియుండును. ముఱ్ఱుపాల సంగతి మఱియొకటి. రోగములతో పోరాడు ప్రతిరక్షకములును మాంసకృత్తులే. వానిని గ్రుచ్చు కణములు తల్లి రొమ్ములోనికి వచ్చి చేరి, బిడ్డ ప్రేవులను కాపాడు ప్రతిరక్షకములను పాలలోనికి పంపును. మొదటి రెండుమూడు దినముల పాలలో ఇవి మిక్కిలి యధికము. ముఱ్ఱుపాలు చెడ్డవని పిండి పాఱబోయు నాచారము కొన్నియిండ్ల నింకను కలదని వినుచున్నాము. పాఱబోయుచున్నది దేనినో తెలిసినవారు ఆపని చేయరు.

గ్రంథములో ఒక్క అక్షరము తప్పినచో ఏమగును? పెక్కు తావుల ఏమియు గాదు. కొన్నితావుల ప్రాణముమీదికి వచ్చును. హీమోగ్లోబిను బీటా దండలో ఆఱవ పూస గ్లుటామిక్ ఆమ్లము. దాని మాటలో ఒక్క అక్షరము మాఱి, వేలిను అను పూస వచ్చి కూర్చుండునేని, ఎఱ్ఱకణములు గుండ్రదనమును కోలుపోయి కొడవలివలె వంగును. సన్నని నాళములలో చిక్కుకొని విడువని నొప్పులను, రక్తహీనతను కలిగించును. 1956, 57 సంవత్సరములలో వెర్నన్ ఇంగ్రాము ఈ యొక్క పూస భేదమును చూపెను. కొడవలి కణముల వ్యాధి మన యేజన్సీ ప్రాంతముల గిరిజనులలోను, ఆదిలాబాదు వైపునను గలదు. తల్లిదండ్రులిద్దఱిలోను తప్పువ్రాత ఒక్కొక్కటి యున్నచో వారు ఆరోగ్యముగానే యుందురు. వారి బిడ్డలలో ప్రతి కాన్పునకును నాలుగింట నొకపాలు వ్యాధి వచ్చుట కవకాశము. మేనఱికములలో ఇట్టి తప్పువ్రాత రెండువైపుల నుండుట హెచ్చు. భారత ప్రభుత్వము 2023 జూలైలో ఈ వ్యాధిని నిర్మూలించుటకు ఒక ప్రణాళికను ఆరంభించి రక్తపరీక్షలు చేయించుచున్నది. పెండ్లికి ముందు జాతకములు చూపించువారు ఒక రక్తపరీక్షయు చేయించుట మేలు.

ఇక రెండవ సోదరి ప్రశ్నకు వత్తుము. బాక్టీరియములు అను సూక్ష్మజీవులును బ్రతుకుటకు దండలు గ్రుచ్చుకొనవలసినవే. వానికిని రైబోసోములు గలవు. కాని వాని రైబోసోములు మనవానికంటె చిన్నవి, అమరికలో భేదించినవి. ఆ భేదమే మనకు రక్ష. వాని యంత్రములో ఇమిడి, మన యంత్రములో ఇమడని మందు దొరకినచో వాని పని ఆగును, మన పని సాగును. టెట్రసైక్లిను జాతి మందులు మొదటి పీటకు అడ్డుపడి మోయువానిని నిలువనీయవు. ఎరిత్రోమైసిను, అజిత్రోమైసిను మందులు దండ వెలుపలికి వచ్చు త్రోవను మూసివేయును. క్షయకు వాడిన స్ట్రెప్టోమైసిను చీటిని తప్పుగా చదివించును.

టెట్రసైక్లిను జాతిలో మొదటిదైన ఆరియోమైసినుతో తెలుగువారికి సంబంధము గలదు. భీమవరములో 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలకు పెద్దగా నుండగా, వారి పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గరు అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని జీవినుండి దానిని తీసెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. ఆ యేడే ఆగస్టులో సుబ్బారావుగారు పరమపదించిరి. ఆ మందు ఏ పీటకు అడ్డుపడుచున్నదో అప్పటి కెవరికిని తెలియదు. అది అడ్డుపడు తావు 2000లో, రామకృష్ణన్ గారి పరిశోధనశాలలో, కంటికి కట్టినట్లు చిత్రముగా వచ్చెను.

జలుబు బాక్టీరియముల వలన వచ్చునది కాదు. అది సాధారణముగా వైరసుల వలన వచ్చును. వైరసునకు రైబోసోము లేదు. అది ఒక చీటియు, దానిని చుట్టిన మాంసకృత్తుల పొట్లమును మాత్రమే. మన ముక్కులోని కణమునందు దూరి, తన చీటిని మన రైబోసోముచేతనే చదివించుకొని, తన సంతతిని మనచేతనే గ్రుచ్చించుకొనును. బాక్టీరియముల యంత్రముపై పనిచేయు మందు దానిని ఎచ్చట పట్టుకొనును? పెనిసిలిను, అమాక్సిసిలిను వంటి మందుల దారి వేఱు, అవి బాక్టీరియముల గోడను కట్టనీయవు. వైరసునకు అట్టి గోడయు లేదు. నిరుడు మీ చిన్నవానికి వచ్చినది బాక్టీరియముల వలని జబ్బై యుండవచ్చును, లేదా మందుతో పనిలేకయే తగ్గిన జలుబై యుండవచ్చును. రెంటిలో నేదైనను ఈయేటి జలుబునకు ఆ బిళ్ళ పనికిరాదు.

పనికిరాకున్న పోనిమ్ము, కీడేమి యందురేమో. కీడున్నది. బిడ్డ ప్రేవులలో కోట్లకొలది బాక్టీరియములు గలవు. అక్కఱలేని మందు పడినప్పుడల్లా దానికి లొంగునవి చచ్చును, లొంగనివి మిగిలి పెరుగును. మందు అంటుకొను తావున రైబోసోమునకు చిన్న గుఱుతు తగిలించి దానిని అంటనీయకుండ చేసికొన్న బాక్టీరియములు గలవు. లోపలికి వచ్చిన మందును తోడి వెలుపల పోయు బాక్టీరియములును గలవు. ఇట్టి విద్యలను అవి ఒకదాని కొకటి నేర్పుకొనును గూడ. రేపు నిజముగా ఊపిరితిత్తుల వాపు వచ్చిననాడు ఆ మందు గుణమీయకపోవచ్చును. మన యింటిలోనిది పొరుగింటికిని పోవును. వైద్యుని చీటి లేక అమ్మరాని మందుల పట్టీమీద నిలువుగా ఎఱ్ఱగీత యుండును. 2016లో ప్రభుత్వము ఈ గీతను గుఱుతించుడని ప్రచారము చేసినది. బిళ్ళల పట్టీని త్రిప్పి చూచుట చదువు వచ్చిన ప్రతి స్త్రీకిని సాధ్యమే. టెట్రసైక్లిను సంగతి వేఱుగా చెప్పవలెను. అది పెరుగుచున్న దంతములలో చేరి శాశ్వతముగా పచ్చని లేక గోధుమరంగు మరకలు కలిగించును. కావున గర్భిణులకును ఎనిమిదేండ్లలోపు బిడ్డలకును దానిని సామాన్యముగా ఈయరు.

జలుబుతోనున్న బిడ్డకు ఎప్పుడు వైద్యుని పిలువవలెనో తెలిసికొనుటకు ఇంటిలోనే చేయదగిన పరీక్ష యొకటి గలదు. బిడ్డ యేడ్వక నెమ్మదిగా నున్నప్పుడు రొమ్ముపై బట్టను తొలగించి, గడియారము చూచుకొనుచు, పూర్తిగా ఒక నిమిషము ఊపిరులను లెక్కింపవలెను. రెండు మాసములు నిండి సంవత్సరము నిండని బిడ్డకు 50 గాని అంతకు మించి గాని, ఒకటి మొదలు అయిదేండ్లలోపు బిడ్డకు 40 గాని అంతకు మించి గాని యున్నచో, లేదా ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోనికి పోవుచున్నచో, అది వట్టి జలుబు కాకపోవచ్చును. పాలు త్రాగకున్నను, మగతగా నున్నను అంతే. అప్పుడు ప్రొద్దు గ్రుంకినదని ఆగక వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను. రెండు మాసములు నిండని పసికందునకు జ్వరము వచ్చినచో ఈ లెక్కలేవియు చూడకయే తీసికొనిపోవలెను.